బీడు మన్నిక: గట్టిదనం ఒక్కటే చాలదు
(నరసరావుపేటలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో పల్నాడు సిమెంటు ఫ్యాక్టరీ విశ్రాంత మిల్లు ఫోర్‌మన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి మాట్లాడమంటే ఈ హాల్లో ప్రతి ఒక్కరూ గంటసేపు మాట్లాడగలరు. అందుకే కాబోలు, మన కార్యదర్శిగారు నన్ను ఆ జోలికి పోవద్దని, నాకు తెలిసిన ఇనుము గురించి అరగంట మాట్లాడమని ఆజ్ఞాపించారు. నేను 1968లో ఫిట్టరుగా చేరి, మిల్లు హౌసులో ఫోర్‌మన్‌గా 2003లో పదవీ విరమణ చేశాను. ఆ ముప్పై అయిదేళ్ళలో నా చేతుల్లో ఎక్కువగా తిరిగింది కలం కాదు, బీడు. మెటలర్జీ చదివిన పెద్దలు సభలో ఉన్నారు. నేను చెప్పేది చేత్తో పట్టుకుని నేర్చుకున్న విద్య. లోటుపాట్లుంటే వారు సరిదిద్దగలరు.

మన వర్క్‌షాపుల్లో బీడు అంటే పోత ఇనుము అని మీకందరికీ తెలుసు. దీనికి నికెల్, క్రోమియం, మాలిబ్డినం వంటి లోహాలు కలిపితే మిశ్రమ పోత ఇనుము అవుతుంది. సిమెంటు మిల్లులో బంతులు, లైనర్లు, థర్మల్ కేంద్రంలో బొగ్గు నూరే రోలర్లు, ఆయిల్ ఇంజన్‌లో సిలిండర్ లైనరు, ఇవన్నీ ఈ కుటుంబంలోని సరుకే. దీన్ని ఎక్కువకాలం మన్నేటట్లు చేయడం ఎలా అన్నది ఈనాటి విషయం. నేను చెప్పదలచుకున్నది ముందే ఒక్క మాటలో చెబుతాను. గట్టిదనం వేరు, మన్నిక వేరు. గట్టిదనం కొలిచే యంత్రం ఉంది. మన్నిక మాత్రం వాడిన చోట, వాడిన తీరులోనే తెలుస్తుంది.

మన ప్రాంతంతో సంబంధం

పత్తికి, మిరపకు పేరుపడిన మన గుంటూరు, ప్రకాశం మైదానాలకు ఈ ఇనుము గొడవ ఎందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. 1955 డిసెంబరులో నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1958లో మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు సాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద, అంటే జవహర్ కాలువ కింద, వర్షాన్ని నమ్ముకున్న మన నల్లరేగళ్ళ స్వరూపమే మారిపోయింది. కాలువల మీద తూములు, వంతెనలు, ఆ తరువాత పత్తి జిన్నింగు మిల్లులు, మిరప కోల్డ్ స్టోరేజీలు, పిల్లల చదువులకు బడులు, ఇలా ప్రతి కట్టడానికీ సిమెంటు కావలసి వచ్చింది. పల్నాడు నేలలో నర్జి సున్నపురాయి సమృద్ధిగా ఉండడం మన అదృష్టం. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలు సిమెంటుకు, పిడుగురాళ్ళ సున్నానికి పేరుపొందాయి.

సిమెంటు తయారీ అంటే సగం వంట, సగం నూరుడు. ముందు రాయిని నూరాలి, దాన్ని కిల్నులో కాల్చాలి, వచ్చిన క్లింకర్‌ను జిప్సంతో కలిపి మళ్ళీ నూరాలి. కాల్చడానికి వాడే బొగ్గును కూడా నూరాలి. మూడుసార్లు నూరుడు. నూరేది ఇనుము, నూరబడేది రాయి. రాయి ఎంత అరుగుతుందో ఇనుము కూడా తన వంతు అరుగుతుంది. మా ఉద్యోగ జీవితమంతా ఆ రెండో అరుగుదలతో పోరాటమే.

మిల్లు లోపల

చూడని వారి కోసం చెబుతాను. బాల్ మిల్లు అంటే పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం. మూడు నాలుగు మీటర్ల వ్యాసం, పది మీటర్ల పైచిలుకు పొడవు. లోపల చుట్టూ లైనర్లు బిగిస్తారు. గొట్టంలో మూడోవంతుకు కొంచెం తక్కువగా ఇనుప బంతులు పోస్తారు. గొట్టం తిరిగితే బంతులు లైనర్లను పట్టుకుని పైకెక్కి దొర్లిపడతాయి. మధ్యలో చిల్లుల గోడ ఉంటుంది, దాన్ని డయాఫ్రమ్ అంటాం. మొదటి గదిలో పెద్ద బంతులు, తొంభై మిల్లీమీటర్ల నుంచి అరవై దాకా. అవి గడ్డలను బాది పగలగొట్టాలి. రెండో గదిలో చిన్న బంతులు, యాభై నుంచి పదిహేను దాకా. అవి మెత్తగా రాపాడించాలి. తొంభై మిల్లీమీటర్ల బంతి ఒక్కొక్కటి దాదాపు మూడు కిలోలు. టన్నుకు సుమారు మూడు వందల నలభై వస్తాయి. ఇరవై మిల్లీమీటర్ల బంతులైతే టన్నుకు ముప్పై వేలకు పైనే.

బంతి అరిగితే ఏమవుతుంది? తొంభై బంతి వ్యాసం సగమైతే బరువు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మూడు కిలోల సమ్మెటతో కొట్టవలసిన రాయిని నాలుగు వందల గ్రాముల సుత్తితో కొట్టినట్లు. ఉత్పత్తి తగ్గుతుంది, కరెంటు మాత్రం అంతే కాలుతుంది. బాల్ మిల్లులో టన్ను సిమెంటు నూరడానికి ముప్పై, నలభై యూనిట్ల విద్యుత్తు పడుతుంది కనుక ఇది చిన్న నష్టం కాదు.

అయితే నష్టం యజమానిదే అనుకోవద్దు. అరిగిన బంతులను వేరుచేయాలంటే మిల్లు ఆపి, చల్లారబెట్టి, మొత్తం బంతులు కిందికి దింపి, సైజులవారీగా ఏరి మళ్ళీ పోయాలి. మిల్లు ఎంత చల్లారినా లోపలి వేడి వేడిలాగే ఉంటుంది. మా పల్నాడు ఎండాకాలంలో మ్యాన్‌హోలులోంచి లోపలికి దిగిన మనిషి పావుగంటకు పైకి వచ్చి కూర్చోవలసిందే. దుమ్ము ముక్కుల్లోకి, కళ్ళల్లోకి పోయేది. తలకు తుండుగుడ్డ, ముక్కుకు తడిగుడ్డ, అదే రక్షణ. బంతులు ఏరిన కూలీలు, లైనరు బోల్టులు కొట్టిన ఖలాసీలు, వారిలో ఎక్కువమంది పేర్లు ఏ పెన్షను జాబితాలోనూ లేవు. బంతి నాలుగు రెట్లు మన్నితే ఆ మనిషి నాలుగోవంతు సార్లే ఆ గొట్టంలోకి దిగుతాడు. ఇనుము మన్నికలో నాకు కనిపించిన మొదటి లాభం అదే.

గింజ, పాకం

ఇనుము ఎందుకు అరుగుతుందో చెప్పడానికి మన ఇళ్ళలో చేసే వేరుశనగ చెక్కను ఉదాహరణగా తీసుకుంటాను. అందులో గింజ గట్టిది, బెల్లం పాకం దాన్ని పట్టి ఉంచుతుంది. తెల్ల పోత ఇనుము కూడా అటువంటిదే. అందులో కర్బనం రెండు నుంచి మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఆ కర్బనం లోహంతో కలిసి కార్బైడు అనే గట్టి గింజలుగా ఏర్పడుతుంది. మిగిలిన లోహం పాకం. పాకం మెత్తగా ఉంటే రాతిపొడి దాన్ని తినేసి గింజను ఊడగొడుతుంది. పాకం మరీ ముదిరితే చెక్క పటుక్కున విరుగుతుంది. కర్బనం కార్బైడుగా మారక గ్రాఫైటు రేకులుగా మిగిలితే అది బూడిదరంగు పోత ఇనుము. దాన్ని లేతు మీద సులువుగా కోయవచ్చు. పంపు బాడీలకు, యంత్రాల మంచాలకు మంచిది, రాయి నూరడానికి పనికిరాదు.

ఇక గట్టిదనం లెక్క. వికర్స్ కొలతలో ఇసుకరాయి, అంటే క్వార్ట్జ్, సుమారు వెయ్యి, పదకొండు వందలు ఉంటుంది. మామూలు ఇనుప కార్బైడు సుమారు వెయ్యి. క్రోమియం ఎక్కువగా కలిపినప్పుడు ఏర్పడే కార్బైడు పదిహేను వందల ప్రాంతం. అంటే మామూలు తెల్ల ఇనుమును క్వార్ట్జ్ గీయగలదు, క్రోమియం గింజను గీయలేదు. సున్నపురాయి మెత్తనిదే, కానీ మన రాయిలో అక్కడక్కడా సిలికా ఉంటుంది, బొగ్గు బూడిదలోనూ ఉంటుంది. ఇనుమును తినేది అదే.

మూడు తరాల ఇనుము

నేను చేరిన రోజుల్లో మొదటి గదికి మాంగనీసు ఉక్కు లైనర్లు, మామూలు ఉక్కు బంతులు ఉండేవి. పన్నెండు శాతం ప్రాంతంలో మాంగనీసు ఉన్న ఈ ఉక్కును 1882లో ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. దాని గుణం విచిత్రం, దెబ్బ తిన్నకొద్దీ పైపొర గట్టిపడుతుంది. క్రషరు దవడలకు, సుత్తులకు ఈనాటికీ అదే గతి. అయితే గట్టిపడాలంటే పెద్ద దెబ్బలు తగలాలి. రెండో గదిలో చిన్న బంతులు రాపాడడమే తప్ప కొట్టవు. అక్కడ మాంగనీసు లైనరు గట్టిపడకుండానే అరిగిపోయేది. చోటు తెలియకుండా మంచి సరుకు పెట్టడం కూడా దండగే అని మాకు అర్థమైంది అక్కడే.

రెండోది నై-హార్డ్. నాలుగు శాతం నికెల్, రెండు శాతం క్రోమియం ప్రాంతంలో కలిపిన తెల్ల పోత ఇనుము. 1920ల చివర ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ వారు తెచ్చారు. పోతపోసి చల్లారేటప్పటికే చాలావరకు గట్టిపడుతుంది. బొగ్గు మిల్లుల రోలర్లకు దీన్ని విస్తారంగా వాడారు. దీనికి రెండు చిక్కులు. ఇందులో కార్బైడు వలలాగా ఒకదానికొకటి అల్లుకుని ఉంటుంది. ఒకచోట బీట పుడితే ఆ వల వెంట పరుగెత్తుతుంది, గట్టి దెబ్బకు విరిగిపోతుంది. రెండోది, నికెల్‌ను మనం బయటి దేశాల నుంచి తెచ్చుకోవలసిందే.

మూడోది హై క్రోమ్. పన్నెండు శాతం నుంచి ఇరవై ఎనిమిది శాతం దాకా క్రోమియం. ఇందులో కార్బైడు వలగా కాక విడివిడి కడ్డీలుగా ఏర్పడుతుంది. నా చెక్క ఉదాహరణలో చెప్పాలంటే, నై-హార్డ్‌లో గింజల మధ్య పాకం చిక్కుకుని ఉంటుంది, హై క్రోమ్‌లో పాకం మధ్య గింజలు ఉంటాయి. అందుకని బీట పుట్టినా పాకం దాన్ని కొంత ఆపగలదు. గింజ ఎక్కువ గట్టిది, మొత్తం మీద విరుగుడు తక్కువ. రెండూ కలిసివచ్చాయి. పైగా క్రోమియం ఖనిజం మన దేశంలోనే, ఒడిశాలోని సుకిందా లోయలో పుష్కలంగా ఉంది. ఫెర్రో క్రోమ్ తయారీలో మన తెలుగువారి ప్రాంతాలకూ చోటుంది. గరివిడి దగ్గర శ్రీరామనగరంలో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, పాల్వంచలో నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ పేర్లు మీలో చాలామంది విన్నవే. బెల్జియంలోని మాగొటో కంపెనీ ఈ బంతులకు ప్రపంచంలో పేరుపొందింది. తరువాత అహ్మదాబాద్‌లోని ఏఐఏ ఇంజనీరింగ్ కూడా వారి సరసన నిలిచింది. ఒకప్పుడు మనం దిగుమతి చేసుకున్న సరుకు ఈనాడు మన దేశం నుంచే విదేశాల గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు వెళుతోంది.

తేడా ఎంత? మామూలు ఉక్కు బంతులు టన్ను సిమెంటుకు కొన్ని వందల గ్రాములు అరిగేవి. మంచి హై క్రోమ్ బంతులతో అది కొన్ని పదుల గ్రాములకు దిగింది. మేము నెలల లెక్కన మాట్లాడే మాటలు సంవత్సరాల లెక్కలోకి మారాయి.

పొయ్యి దగ్గరి విద్య

క్రోమియం కలిపితే చాలు, ఇనుము మన్నుతుంది అనుకుంటే పొరపాటు. ఇక్కడే అసలు విద్య ఉంది.

మొదటిది కరిగించడం. మన పాత ఫౌండ్రీల్లో బొగ్గుతో నడిచే కుపోలా ఉండేది. అందులో క్రోమియం కొంత కాలిపోతుంది, కర్బనం అదుపు తప్పుతుంది. హై క్రోమ్‌కు కరెంటుతో నడిచే ఇండక్షన్ ఫర్నేసు కావాలి.

రెండోది పోత. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆ లోటు పూరించే లోహం రైజరు నుంచి అందకపోతే లోపల బోలు ఏర్పడుతుంది. ఎంత త్వరగా చల్లారితే కార్బైడు అంత సన్నగా ఏర్పడుతుంది. చిన్న బంతులను ఇనుప అచ్చుల్లో పోయడానికి అదొక కారణం. పలుచని ముక్కకు సరిపడే మిశ్రమం దళసరి ముక్కకు సరిపడదు. దళసరి లైనరు లోపలి భాగం నెమ్మదిగా చల్లారుతుంది కనుక అక్కడ పెర్లైట్ అనే మెత్తని పాకం ఏర్పడుతుంది. దాన్ని ఆపడానికే కొంచెం మాలిబ్డినం, నికెల్, రాగి కలుపుతారు.

మూడోది వేడి చికిత్స. పోతపోసిన హై క్రోమ్‌లో పాకం చాలావరకు ఆస్టెనైట్ అనే మెత్తని రూపంలో ఉంటుంది. దాన్ని నెమ్మదిగా వేడిచేస్తూ 950 నుంచి 1000 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతానికి తీసుకుపోయి కొన్ని గంటలు ఉంచాలి. తొందరపడి వేడిచేస్తే ముక్క పగులుతుంది. ఆ వేడిలో పాకంలో కరిగి ఉన్న కర్బనం, క్రోమియం సన్నని గింజలుగా బయటికి వస్తాయి. అప్పుడు ఫ్యాన్ల గాలితో చల్లారిస్తే పాకం మార్టెన్‌సైట్‌గా గట్టిపడుతుంది. ఆ తరువాత 200, 250 డిగ్రీల దగ్గర మళ్ళీ వేడిచేస్తే లోపలి బిగువు కొంత సడలుతుంది. మన ఆడవారు పాకం తీగ వచ్చిందా, ముదిరిందా అని వేళ్ళతో చూసి ఒక్క క్షణంలో గిన్నె దింపుతారే, ఇదీ అంతే. ఆ క్షణం తప్పితే సరుకు అదే, ధర అదే, మన్నిక మాత్రం ఉండదు.

ఆస్టెనైట్ పూర్తిగా మారకుండా ఎక్కువగా మిగిలితే అది మిల్లులో దెబ్బలకు మారడం మొదలుపెడుతుంది. మారేటప్పుడు ఉబ్బుతుంది, పైపొర పెచ్చులుగా లేస్తుంది. బంతి అరగలేదు, పెచ్చులూడింది అంటే వేడి చికిత్స దగ్గరే వెతకాలి.

ఒక లాటు కథ

ఎనభయ్యవ దశకం మధ్యలో మాకు ఒక లాటు బంతులు వచ్చాయి. పంపిన ఫౌండ్రీ ఏదన్నది ఇప్పుడు అప్రస్తుతం. కాగితాల మీద అంతా సక్రమమే. క్రోమియం శాతం సరిపోయింది, గట్టిదనం సరిపోయింది. మొదటి గదిలో పోసిన కొన్ని వారాలకే మిల్లు చప్పుడు మారింది. మాలో అనుభవజ్ఞుడైన ఒక మిల్లు ఆపరేటరు ఉండేవాడు. మీటర్ల కంటే ముందు చెవితోనే చెప్పేవాడు. "మిల్లు బొంగురుపోయింది, లోపల ముక్కలున్నాయి" అన్నాడు. ఆపి చూస్తే బంతులు సగం సగంగా పగిలి, ముక్కలు డయాఫ్రమ్ చిల్లుల్లో బిగుసుకుపోయాయి. సిమెంటు ముందుకు పోవడం లేదు.

ఆ చిల్లులను గూటాలతో, ఉలులతో విడిపించడానికి మనుషులు మూడు షిఫ్టులు లోపల పనిచేశారు. ఒకతని చేతివేలు నలిగింది. తరువాత బంతులను పగలగొట్టి పరీక్షకు పంపాం. కొన్నింటి మధ్యలో శనగగింజంత బోలు ఉంది. మరికొన్నింటిలో పైన గట్టిదనం ఉన్నా నడిమధ్యలో బాగా తక్కువ. గట్టిదనం పరీక్ష పైపొర మీద చేస్తారు కనుక కాగితంలో అది పట్టుబడలేదు.

ఆ తరువాత మా వాళ్ళు కొనుగోలు షరతులు మార్చారు. లాటులో కొన్ని బంతులను పగలగొట్టి, పైన, మధ్యలో గట్టిదనం చూడాలి. ఎత్తునుంచి వేలసార్లు పడవేసి పరీక్షించాలి. టన్ను సిమెంటుకు ఎన్ని గ్రాములు అరుగుతుందో, ఎన్ని శాతం విరుగుతుందో సరఫరాదారు హామీ ఇవ్వాలి. మేమూ మా వంతుగా ఒక పుస్తకం పెట్టాం. ఎప్పుడు ఎన్ని టన్నుల బంతులు పోశాం, మిల్లు ఎన్ని గంటలు తిరిగింది, ఎంత సిమెంటు వచ్చింది, ఎన్ని ముక్కలు ఏరాం, అన్నీ అందులో రాసేవాళ్ళం. మన్నికను కొలిచే యంత్రం ఏదైనా ఉందంటే ఆ పుస్తకమే.

కిలో ధర, టన్ను ధర

దీనికి చిన్న లెక్క చెబుతాను. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. ఒక రకం బంతి కిలో 50 రూపాయలు, టన్ను సిమెంటుకు 400 గ్రాములు అరుగుతుంది. ఖర్చు టన్నుకు 20 రూపాయలు. ఇంకో రకం కిలో 120 రూపాయలు, 50 గ్రాములు అరుగుతుంది. ఖర్చు టన్నుకు 6 రూపాయలు. కిలో ధర చూసి కొన్నవాడికి మొదటిది చవక, టన్ను ధర చూసినవాడికి రెండోది చవక. మిల్లు ఆగిన గంటలు, మనుషుల కష్టం కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. అయితే రెండో గదిలాంటి చోట, దెబ్బ లేని చోట, మరీ ఖరీదైన రకం అనవసరం కావచ్చు. తక్కువ క్రోమియం రకమే సరిపోవచ్చు. ఏది ఎక్కడ అన్నదే ప్రశ్న, ఏది గొప్ప అన్నది కాదు.

క్రోమియం రెండో ముఖం

క్రోమియంను ఇంతగా పొగిడాను కనుక దాని రెండో ముఖం కూడా చెప్పడం న్యాయం. తాపీ మేస్త్రీలకు చేతులు పగిలి, దురదలు పెట్టి, పుండ్లు పడడం మనం చూస్తూనే ఉంటాం. సిమెంటులోని సున్నపు ఘాటు ఒక కారణం, నీటిలో కరిగే ఒక రూపంలోని క్రోమియం ఇంకో కారణం. ఈ క్రోమియం ప్రధానంగా ముడిసరుకుల నుంచి వచ్చి కిల్ను వేడిలో ఆ రూపం దాలుస్తుంది. కిల్ను ఇటుకల నుంచి, నూరే బంతుల అరుగుదల నుంచి కూడా కొంత చేరుతుంది. డెన్మార్కులో 1980లలోనే ఫెర్రస్ సల్ఫేటు కలిపి దీనికి విరుగుడు చేశారు. ఐరోపా సమాఖ్యలో 2005 జనవరి నుంచి సిమెంటులో ఇది పది లక్షల భాగాలకు రెండు భాగాలు మించరాదన్న నిబంధన అమలయింది. బంతి తక్కువ అరిగితే సిమెంటులో చేరేది కూడా తగ్గుతుంది. మీ ఇళ్ళలో పని చేయించుకునేటప్పుడు మేస్త్రీలకు చేతి తొడుగులు, కడుక్కోవడానికి మంచినీళ్ళు ఇవ్వండి. అది మనం చేయగల సాయం.

మన ఇళ్ళకు దగ్గరి విషయం

మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి చిలకలూరిపేట వైపు కారం మర నడుపుతున్నాడు. "బాబాయ్, ఏ సుత్తులు కొనమంటావు? షాపులో రకరకాలు చూపిస్తున్నారు" అని నన్నడిగాడు. అతనికి చెప్పిందే మీ అందరికీ చెబుతాను. మిరపకాయ రాయి కాదు. కానీ కళ్ళాల్లో, నేల మీద ఆరబోసిన కాయకు మట్టి, ఇసుక అంటి వస్తాయి. మర సుత్తులను, పళ్ళెలను తినేది కాయ కాదు, ఆ ఇసుక. కాబట్టి మొదటి మందు కాయను శుభ్రం చేయడం. పట్టా మీద ఆరబోసిన కాయ తెచ్చిన రైతు మర మన్నికను కూడా పెంచుతున్నాడు. రెండోది, వేగంగా తిరిగే సుత్తికి పెళుసు బీడు వద్దు. విరిగితే ముక్క కారంలోకి పోతుంది. మూడోది, కాయ లోపలికి వెళ్ళేచోట, కారం బయటికి వచ్చేచోట అయస్కాంతం పెట్టాలి, రోజూ తుడవాలి. దానికంటిన నల్లపొడిని చూస్తే ఇనుము ఎంత అరుగుతున్నదో తెలుస్తుంది. సిమెంటులో కలిసిన ఇనుము గోడలోకి పోతుంది, కారంలో కలిసింది మన పిల్లల కడుపులోకి పోతుంది. ఇంట్లో ఆడవారు కూడా కాగితంలో చుట్టిన అయస్కాంతం కారంలో తిప్పి చూడవచ్చు. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు అరుగుదల మాత్రం అయస్కాంతానికి అంటదు. అది గుర్తుంచుకోవాలి.

ఇక ఆయిల్ ఇంజన్లు. కరెంటు రాని రోజుల్లో మన మిరప తోటలకు నీళ్ళు పెట్టింది అవే. వాటి సిలిండర్ లైనర్లు కూడా మిశ్రమ పోత ఇనుమే. అయితే ఇది గ్రాఫైటు ఉన్న రకం. కొద్దిగా క్రోమియం, రాగి, భాస్వరం కలిపి, గిరగిర తిరిగే అచ్చులో పోస్తారు. గ్రాఫైటు నూనెను పట్టి ఉంచుతుంది, భాస్వరంతో ఏర్పడే గట్టి వల అరుగుదలను ఆపుతుంది. ఎంత మంచి లైనరైనా ఎయిర్ ఫిల్టరు ఎండిపోతే నిలవదు. మన రేగడి దుమ్ము లోపలికి పోయి ఒక్క సీజనులో లైనరును తినేస్తుంది. ఫౌండ్రీవాడు ఎంత విద్య చూపించినా, గుక్కెడు నూనె పోయనివాడి దగ్గర అది చెల్లదు. మన్నికలో సగం తయారుచేసేవాడి చేతిలో ఉంటే మిగతా సగం వాడేవాడి చేతిలో ఉంది.

ఈనాడు

కొత్త సిమెంటు ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల బాల్ మిల్లుల స్థానంలో నిలువు రోలరు మిల్లులు వచ్చాయి. బంతులు ఏరే పని లేదు, కరెంటు కూడా తక్కువ. కానీ ఆ రోలర్ల ఒళ్ళు కూడా హై క్రోమ్ ఇనుమే, లేదా అరిగినచోట వెల్డింగుతో పూసిన క్రోమ్ కార్బైడు పొరే. కొందరు పోతలోనే పింగాణీ రేణువులను కలిపి రోలర్లు చేస్తున్నారు. యంత్రం మారింది, గింజ, పాకం కథ మారలేదు.

మిత్రులారా, చివరగా ఒక మనవి. బంతిని తట్టి ఆ మోతలో బోలు పట్టేవారు, మిల్లు చప్పుడులో తేడా చెప్పేవారు, లైనరు బోల్టు ఎంత బిగించాలో మణికట్టుతో తెలిసినవారు మనలో ఇంకా కొందరున్నారు. ఏటేటా ఆ సంఖ్య తగ్గుతున్నది. ఈ ఏడు కూడా మనం సంతాప తీర్మానాలు చదువుకున్నాం. ఆ విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఏ పనిలో ఏ సరుకు ఎంతకాలం మన్నింది, ఏది ఎందుకు విరిగింది, మీకు తెలిసినంతవరకు నాలుగు పేజీలు రాసి మన సంఘం కార్యాలయానికి పంపండి. రాయలేనివారు చెబితే మనవళ్ళు, మనవరాళ్ళు రాస్తారు. భాష ఎలా ఉన్నా ఫరవాలేదు. యంత్రం పేరు, సంవత్సరం, మన్నిన కాలం మాత్రం సరిగా ఉండాలి. ఇప్పుడు ఆ పనుల్లో ఉన్న కుర్రవాళ్ళకు అవి ఉపయోగపడతాయి. వాళ్ళు ఆ గొట్టంలోకి దిగవలసిన అవసరం కొన్నిసార్లయినా తగ్గితే మనం రాసినదానికి ఫలితం దక్కినట్లే.